ఇంటర్ సెకండియర్‌లో ఖో-ఖో మానేయాలా? ఒక ఫిజిక్స్ లెక్చరర్ జవాబు

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హనుమకొండలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, డే స్కాలర్‌వి. ఫస్టియర్‌లో 470కి 431 వచ్చాయి, అందులో ఫిజిక్స్ 60కి 49. జిల్లా అండర్-19 ఖో-ఖో జట్టులో ఆడుతున్నావు. వారానికి ఆరు రోజులు పొద్దున 5.30 నుంచి 7.30 దాకా స్టేడియంలో ప్రాక్టీసు. అది కాక ఎన్‌సీసీ, కాలేజీ క్విజ్ టీమ్, రాత్రి రెండు గంటలు ఆన్‌లైన్ కోచింగ్. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలు జేఈఈ మెయిన్, ఎప్‌సెట్ రెండూ రాయాలి. జూలై వచ్చేసరికే నిద్ర చాలడం లేదు, వీక్లీ టెస్టుల్లో ఫిజిక్స్ తగ్గుతోంది. "మార్చి దాకా అన్నీ బంద్ పెట్టు" అని నాన్న అంటున్నారు. మానేయాలా, మానకుండా నెట్టుకురావడం ఎలా అని అడిగావు.

ఖో-ఖో మానొద్దు. క్విజ్ మానెయ్. కోచింగ్ సగానికి తగ్గించు. ఎన్‌సీసీ అవసరమైనంత వరకే ఉంచుకో. ఎందుకో, ఎలాగో కాస్త వివరంగా చెబుతాను.

నేను 26 ఏళ్లుగా జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. మొదటి పదకొండేళ్లు కార్పొరేట్ కాలేజీల్లో, ఆ తర్వాత ప్రభుత్వ కాలేజీలో. ఆటలకు వెళ్లే పిల్లల ఓడీ (ఆన్ డ్యూటీ) లెటర్లు చూడటం, వాళ్లకు పోయిన ల్యాబులు మళ్లీ చేయించడం చాలా ఏళ్లు నా పనే. కాబట్టి ఇందులో ఎక్కడ దెబ్బ తింటారో దగ్గర నుంచి చూశాను.

ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కార్పొరేట్ కాలేజీలో ఉన్నప్పుడు నా సెక్షన్‌లో వాలీబాల్ ఆడే అబ్బాయి ఒకడుండేవాడు. సాయంత్రం గంటన్నర ఆడేవాడు. సెకండియర్ మొదలవగానే వాళ్ల అమ్మానాన్నలను పిలిపించి ఆట ఆపించింది నేనే. ఆ గంటన్నర ఫిజిక్స్‌కు వస్తుందని లెక్క వేసుకున్నాను. రెండు నెలలు గడిచాక చూస్తే మార్కులు అక్కడే ఉన్నాయి. స్టడీ అవర్‌లో కునికిపాట్లు మొదలయ్యాయి. తరచూ కడుపునొప్పి అని రూమ్‌లో పడుకునేవాడు. ఒకరోజు అడిగితే, "ఆట ఉన్నప్పుడు ఐదింటికల్లా లెక్కలు అయిపోవాలని ఉండేది మేడం, ఇప్పుడు ఎప్పుడు చేసినా ఒకటే కదా" అన్నాడు. ఇంటర్ బాగానే పాసయ్యాడు, ఇంజనీరింగ్‌లో చేరాడు, మళ్లీ బంతి పట్టుకోలేదు. ఆ గంటన్నర నేను వాడి దగ్గర తీసుకున్నాను, కానీ అది చదువుకు చేరలేదు. ఆ తర్వాత ఏ పిల్లతోనూ, ఏ పిల్లాడితోనూ "ఆట ఆపెయ్" అని నేను అనలేదు. ఏం తగ్గించాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నదే మాట్లాడుతూ వచ్చాను.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు రాసినవాటిని బట్టి వారం లెక్క వేశాను. వారానికి 168 గంటలు. ఏడు గంటల చొప్పున నిద్రకు 49. కాలేజీ 8.30 నుంచి 4.30 దాకా ఆరు రోజులు, 48. కాలేజీకి రాకపోకలు 6. ప్రాక్టీసు 12, స్టేడియానికి వెళ్లిరావడం 4. తిండి, స్నానం, ఇంటి పని రోజుకు రెండున్నర గంటలనుకుంటే దాదాపు 17. ఆన్‌లైన్ కోచింగ్ 12. ఎన్‌సీసీ 4, క్విజ్ 3. మొత్తం 155. నీ అంతట నువ్వు పుస్తకం ముందు కూర్చోవడానికి మిగిలేది 13 గంటలు. రోజుకు రెండు గంటలు కూడా లేదు. అందుకే నిద్రలోంచి కోసుకుంటున్నావు. ఫిజిక్స్ తగ్గుతున్నది తెలివి చాలక కాదమ్మా. విన్నది సొంతంగా చేసి చూసుకునే సమయం లేక.

ఈ లెక్కలో ఆట 16 గంటలు. ఒకే పాఠం రెండోసారి వినడానికి 12 గంటలు పోతున్నాయి, అది నాన్నగారి కంట పడలేదు. కాలేజీలో పగలు విన్న స్థిర విద్యుత్తునే రాత్రి వేరే సార్ దగ్గర మళ్లీ వింటున్నావు. వింటుంటే అర్థమైనట్టే ఉంటుంది. గాస్ నియమం మీద పది లెక్కలు చేతితో చేసినప్పుడు కదా ఎక్కడ ఆగిపోతున్నావో తెలిసేది! కోచింగ్ డబ్బు కట్టేశారు కాబట్టి పూర్తిగా వదలమనను. కాలేజీలో సరిగా అర్థం కాని చాప్టర్లకు మాత్రమే, వారానికి మూడు రోజులు చూడు. రికార్డెడ్ క్లాసులు ఉంటే ఇంకా నయం, కావలసిన ముక్క దగ్గరే ఆగొచ్చు. దీనితో ఆరు గంటలు మిగులుతాయి. ప్రాక్టీసు ఆరు రోజుల నుంచి నాలుగు రోజులకు దిగితే రాకపోకలతో కలిపి ఐదు గంటలకు పైగా. క్విజ్ మూడు. 13 గంటలు కాస్తా 27 అవుతాయి. నిద్ర ఏడు గంటలు అలాగే ఉంటుంది. అందులో చెయ్యి పెట్టొద్దు. పొద్దున అంత పరిగెత్తే ఒంటికి ఐదు గంటల నిద్ర సరిపోదు. చదివింది నిలవదు, చీలమండ మడత పడేదీ అప్పుడే.

క్విజ్ ఎందుకు వదలమన్నానంటే, దాన్ని ఏ వయసులోనైనా అందుకోవచ్చు. అందులో నీ బదులు ఇంకొకరు కూర్చుంటే జట్టు నడుస్తుంది. ఖో-ఖోలో అండర్-19 ఆడే వయసులో ఒక ఏడాది పోతే అది మళ్లీ రాదు. ఏది తిరిగి వస్తుంది, ఏది రాదు అన్నదే నా కొలత. ఎన్‌సీసీ మధ్యస్థం. ఫస్టియర్ మొత్తం చేశావు, సెకండియర్ కూడా పూర్తయితే 'బి' సర్టిఫికెట్ పరీక్ష రాయొచ్చు. పోయిన ఏడాది పది రోజుల క్యాంపు చేసి ఉంటే, ఈ ఏడాది పరేడ్ హాజరు 75 శాతానికి తగ్గకుండా చూసుకో, కొత్త క్యాంపులకు పేరివ్వకు. క్యాంపు ఇంకా చేయలేదంటే మాత్రం ఇప్పుడే కాలేజీలో ఎన్‌సీసీ చూసే ఏఎన్‌వో గారితో మాట్లాడి, దసరా సెలవుల్లో పడేది ఏదైనా ఉందేమో అడుగు. అదీ లేకపోతే ఎన్‌సీసీ గురించి మళ్లీ ఆలోచించాల్సిందే. నవంబర్ తర్వాత పది రోజులు వదులుకోవడం నీకు కుదరదు.

అసలు విషయానికి వస్తున్నాను. చదువు, ఆట రెండూ ఉన్న పిల్లలు సమతూకాన్ని రోజులో వెతుకుతారు. రోజూ ఇన్ని గంటలు ఆట, ఇన్ని గంటలు చదువు అని జూన్‌లో ఒక టైంటేబుల్ గీసి, మార్చి దాకా అదే నడుస్తుందనుకుంటారు. నడవదు. సెకండియర్‌లో ఏ రెండు నెలలూ ఒకలా ఉండవు. సమతూకం ఏడాది మొత్తం మీద కుదరాలి. ఒక నెల ఆటది, ఒక నెల చదువుది. ఏ నెల ఎవరిదో ముందే రాసుకుంటే ఆడేటప్పుడు అపరాధ భావం ఉండదు, చదివేటప్పుడు గ్రౌండ్ గుర్తుకొచ్చి లాగదు.

ఒక పెద్ద కాగితం తీసుకుని జూలై నుంచి మే దాకా గడులు గియ్యి. ముందు పరీక్షలు పెట్టు. అర్ధ సంవత్సర పరీక్షలు నవంబర్‌లో, ప్రీ ఫైనల్ జనవరిలో. జేఈఈ మెయిన్ మొదటి సెషన్ జనవరి చివర్లో. ప్రాక్టికల్స్ ఫిబ్రవరిలో. ఆ వెంటనే థియరీ పరీక్షలు మొదలై మార్చిలో ముగుస్తాయి. ఏప్రిల్ మొదట్లో జేఈఈ రెండో సెషన్. ఆ తర్వాత ఎప్‌సెట్. కచ్చితమైన తేదీలు ఇంటర్ బోర్డు, జేఈఈ నడిపే ఎన్‌టీఏ ప్రకటించగానే పెన్సిల్ గీతలు చెరిపి పెన్నుతో రాసుకో. తర్వాత కాలేజీలో ఆటలు చూసే మీ పీడీ సార్ దగ్గరికి వెళ్లి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్లు, జిల్లా, రాష్ట్ర పోటీలు ఎప్పుడు ఉండొచ్చో అడిగి అవి వేరే రంగులో రాయి. ఎక్కువ ఏళ్లు అవి ఆగస్టు నుంచి నవంబర్ మధ్యలోనే జరగడం చూశాను. రెండూ ఒకే కాగితం మీద చూస్తే నీకే తెలుస్తుంది: ఆట ముందు సగంలో ఉంది, పరీక్షలు వెనక సగంలో ఉన్నాయి. నాన్న "మార్చి దాకా బంద్" అన్నప్పుడు ఆటకు ఉన్న నెలలన్నీ పోతాయి, చదువుకు అవసరమైన నెలల్లో ఎలాగూ ఆట లేదు. ఈ కాగితం ఆయనకు చూపించు.

ఇప్పటి నుంచి నవంబర్ అర్ధ సంవత్సర పరీక్షల దాకా ప్రాక్టీసు వారానికి నాలుగు రోజులు. పోటీ ముందు పదిహేను రోజులు ఐదో రోజు కలుపుకో. డిసెంబర్, జనవరిలో రెండు రోజులు. జేఈఈ మొదటి సెషన్ అయిన మరునాటి నుంచి థియరీ ఆఖరి పేపర్ దాకా ఖో-ఖో పూర్తిగా వద్దు. రోజూ అరగంట నడక, కాసేపు స్ట్రెచింగ్, అంతే. ఈ మాట నేను చాలా గట్టిగా చెబుతున్నాను. మా కాలేజీలో ఒకమ్మాయి ఫిబ్రవరిలో ఫ్రెండ్లీ మ్యాచ్ ఆడుతూ పోల్ డైవ్ కొట్టి (స్తంభం వైపు దూకి) కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ప్రాక్టికల్స్‌కు ఐదు రోజుల ముందు. సహాయకురాలిని పెట్టుకుని పరీక్షలు రాసింది, కానీ ఇంటిగ్రేషన్ లెక్క ఇంకొకరికి నోటితో చెప్పి రాయించడం ఎంత కష్టమో ఊహించు. ఆ నెలలో నీ కుడిచెయ్యి నీ హాల్ టికెట్ లాంటిది.

డిసెంబర్‌లోనో జనవరిలోనో జాతీయ పోటీలకు ఎంపికైతే ఏం చేయాలి? వెళ్లు. ఇక్కడ చాలామంది లెక్చరర్లు నాతో ఒప్పుకోరని తెలుసు. జేఈఈ మెయిన్‌కు రెండు సెషన్లు ఉన్నాయి, రెండింటిలో మెరుగైన స్కోరే లెక్కలోకి వస్తుంది. జనవరిది కాస్త తగ్గినా ఏప్రిల్ ఉంది. రాష్ట్రం తరఫున ఆడే అవకాశానికి మాత్రం రెండో సెషన్ ఉండదు. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖో-ఖో ప్రపంచ కప్ జరిగింది, మన అమ్మాయిలు, అబ్బాయిలు ఇద్దరూ గెలిచారు. ఆ ఆటకు ఇప్పుడు వచ్చిన గుర్తింపు నా విద్యార్థుల్లో ముందు తరం వాళ్లకు దొరకలేదు. ఇంత దూరం వచ్చి ఒక టెస్ట్ సిరీస్ కోసం వదిలేయమని నేను చెప్పలేను.

అయితే వెళ్లే ముందు సిలబస్ ఎక్కడ ఉండాలో చెబుతాను. లెక్కలన్నీ ఇక్కడే తేలేది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

చాప్టర్లన్నీ ఒకలాంటివి కావు. కొన్ని రోజూ చెయ్యి తగలకపోతే జారిపోతాయి. కొన్ని ఒకసారి గట్టిగా కూర్చుని ముగిస్తే నెల తర్వాత కూడా ఉంటాయి. ఆడే పిల్లలు ఈ తేడా తెలుసుకుంటే సగం టెన్షన్ పోతుంది. మ్యాథ్స్ టూబీ పేపర్‌లో ఇంటిగ్రేషన్ మొదటి రకం. పది రోజులు వదిలేస్తే ఏ లెక్కకు ఏ ప్రతిక్షేపణ అన్నది చేతికి రాదు. మొదలుపెట్టిన రోజు నుంచి ఆదివారమైనా, బస్సులోనైనా రోజుకు నాలుగు లెక్కలు తప్పనిసరి. టోర్నమెంట్‌లో ఉన్నా సరే. అదే టూబీలో వృత్తం, వృత్త సరణులు, పరావలయం గొలుసులాంటివి. వృత్తం పాఠాలు చెప్పేటప్పుడు నువ్వు పోటీలో ఉంటే తర్వాతి రెండూ అర్థం కావు. కాబట్టి మీ మ్యాథ్స్ సార్‌ను అడిగి, నువ్వు లేని వారంలో ఏ చాప్టర్ పడుతుందో ముందే తెలుసుకో. వృత్తమైతే వెళ్లే ముందే ప్రాథమిక లెక్కలు చూసుకుని వెళ్లు. టూఏలో విస్తరణ కొలతలు, పాక్షిక భిన్నాలు రెండో రకం. దసరా సెలవుల్లో మూడేసి రోజులు కూర్చుంటే ముగిసిపోతాయి. సంకీర్ణ సంఖ్యలు, డిమావర్ సిద్ధాంతం మాత్రం వరసగా చదవాలి, మధ్యలో తెంపొద్దు.

ఫిజిక్స్ నా సబ్జెక్టు కాబట్టి ఇంకో మాట. నీకు 49 వచ్చాయంటే వెలితి ఎక్కడో చూసుకోవాలి. పాత ప్రశ్నపత్రం ఒకటి ముందు పెట్టుకో. రెండు మార్కులవి పది, మొత్తం 20. నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు, 24. ఎనిమిది మార్కులవి మూడింటిలో రెండు, 16. ఆడే పిల్లలకు ఎక్కువగా పోయేవి రెండు మార్కుల ప్రశ్నలు. వాటికి పెద్ద తెలివి అక్కర్లేదు, పదేపదే చూడటం కావాలి. అందుకే వాటిని స్టేడియం నుంచి ఇంటికి వచ్చే దారికి వదిలెయ్, చిన్న నోట్‌బుక్‌లో రాసుకుని చూస్తూ ఉండు. ఎనిమిది మార్కులవి ఏళ్లుగా ఎక్కువ భాగం తరంగాలు, ప్రవాహ విద్యుత్తు, కేంద్రకాలు చాప్టర్లలోంచే వచ్చాయి. ఆ ఉత్పాదనలు (డెరివేషన్లు) ప్రాక్టీసు లేని పొద్దుటి పూట మాత్రమే కొత్తగా నేర్చుకో. ఆట ఆడి వచ్చిన వెంటనే కొత్త ఉత్పాదన పట్టుకుంటే ఎక్కదు. అప్పుడు తెలిసిన సూత్రాల మీద లెక్కలు చెయ్యి. ఒళ్లు అలసినా చెయ్యి నడుస్తుంది. స్థిర విద్యుత్తు, కెపాసిటర్లు, ప్రవాహ విద్యుత్తు సెప్టెంబర్ లోపు గట్టిపడాలి. జేఈఈలోనూ ఎప్‌సెట్‌లోనూ వీటి అవసరం ఉంది, వెనక వచ్చే అయస్కాంతత్వం, ఏసీ వీటి మీదే నిలబడతాయి. అర్ధవాహకాలు, కేంద్రకాలు డిసెంబర్‌కు వదిలినా నష్టం లేదు.

కెమిస్ట్రీ గురించి క్లుప్తంగా. పి-బ్లాక్, డి-బ్లాక్, జీవాణువులు చిన్న చిన్న ముక్కలుగా ప్రయాణాల్లో చదువుకోవచ్చు. ఆర్గానిక్‌కు బల్ల, కాగితం కావాలి. ఇంగ్లిష్, సెకండ్ లాంగ్వేజ్ పేపర్లను చిన్నచూపు చూడకు, సెకండియర్ 530లో ఆ రెండింటివే 200.

పోటీలకు వెళ్లేటప్పుడు సంచి నిండా పుస్తకాలు మోసుకెళ్లే పిల్లలను చూశాను. ఒక్కటీ తెరవరు, తెరవలేదన్న బాధ మాత్రం మోసుకుని తిరిగొస్తారు. నా దగ్గర చదివిన ఒకమ్మాయి డిసెంబర్‌లో ఎనిమిది రోజులు జాతీయ పోటీలకు వెళ్లింది. ఒకే చాప్టర్, ద్విపద సిద్ధాంతం, పాతిక లెక్కలు జిరాక్స్ తీయించుకుని వెళ్లింది. అవి కాక రోజుకు నాలుగు ఇంటిగ్రేషన్ లెక్కలు. రైలులో పోను రాను అవి చేసింది. తిరిగొచ్చిన రోజు కొత్త పాఠం ఏదీ వినకుండా, నిద్రపోయి, మరుసటి రోజు నుంచి వారం పాటు పోయిన క్లాసులను రోజుకు కొన్ని చొప్పున పూర్తిచేసుకుంది. జనవరి సెషన్ అంత బాగా పోలేదు. ఏప్రిల్‌లో చాలా మెరుగైంది. ఎనిమిది రోజులకు బ్యాక్‌లాగ్ తీర్చుకోవడానికి ఎనిమిది రోజులే పట్టింది, ఎందుకంటే ఎక్కడ ఆపిందో ఆమెకు కచ్చితంగా తెలుసు. నువ్వూ వెళ్లే ముందు రోజు ప్రతి సబ్జెక్టు నోట్‌బుక్‌లో ఆఖరి పేజీలో తేదీ వేసి, ఏ పాఠం దగ్గర ఆగావో ఒక్క వాక్యం రాసి వెళ్లు. నోట్స్ ఇచ్చే స్నేహితురాలు ఎవరో కూడా ముందే మాట్లాడుకో.

ల్యాబుల సంగతి చాలామంది మరిచిపోతారు. ఫిజిక్స్ ప్రాక్టికల్స్ 30, కెమిస్ట్రీ 30, మొత్తం 60 మార్కులు. వీటిని పోగొట్టుకోవడానికి ఏ కారణమూ ఉండకూడదు. పోటీల వారాల్లో మీటర్ బ్రిడ్జి, సోనోమీటర్, అనునాద స్తంభం లాంటి ప్రయోగాలు జరిగిపోతాయి. పిల్లలు పక్కవాళ్ల రికార్డు చూసి రీడింగులు ఎక్కించేస్తారు. ఫిబ్రవరిలో ఎగ్జామినర్ ముందు శూన్య బిందువు ఎక్కడ వస్తుందో తెలియక చేతులు వణుకుతాయి. తిరిగొచ్చిన వారంలోనే మీ లెక్చరర్‌ను అడిగి ఆ ప్రయోగం చేసెయ్. అడిగితే కాదనే లెక్చరర్లు తక్కువ. అడగడానికి వచ్చే పిల్లలే తక్కువ. ఓడీ కూడా అంతే. ఎంపిక లెటర్ జిరాక్స్ వెళ్లే ముందే ప్రిన్సిపల్ ఆఫీసులో ఇచ్చి, ఒక కాపీ మీద సంతకం తీసుకో. ఇంటర్‌కు 75 శాతం హాజరు కావాలి, ఆ లెక్క జనవరిలో తేలినప్పుడు లెటర్ కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

జనవరి సెషన్ అయ్యాక ఒక మార్పు తప్పదు. అప్పటిదాకా జేఈఈ పద్ధతిలో జవాబు ఎంచుకోవడం అలవాటై ఉంటుంది. బోర్డు పరీక్షలో మెట్లు రాయాలి, పటం గీయాలి. ఫిబ్రవరి అంతా చేతితో పూర్తి పేపర్లు రాయి. మ్యాథ్స్‌లో ఏడు మార్కులవి ఐదు, అంటే 35 మార్కులు నీ చేతిరాత మీద, మెట్ల మీద ఆధారపడి ఉన్నాయి. జేఈఈ పుస్తకాలు అటక మీద పెట్టెయ్. థియరీ ముగిశాక రెండో సెషన్‌కు కొన్ని రోజులు దొరుకుతాయి, పాత ప్రశ్నపత్రాలకు అవి చాలు. నిట్‌లో సీటు కావాలంటే జేఈఈ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతమో, బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండటమో కావాలి. నీ మార్కులకు అది సమస్య కాదు. వరంగల్ నిట్‌లో సగం సీట్లు తెలంగాణ వాళ్లకే ఉంటాయి కాబట్టి గురి పెట్టడంలో తప్పు లేదు. ఎప్‌సెట్‌లో 2023 నుంచి మన రాష్ట్రంలో ఇంటర్ వెయిటేజీ లేదు, ర్యాంకు పూర్తిగా ఆ మూడు గంటల మీదే. 160 ప్రశ్నల్లో 80 మ్యాథ్స్, నెగెటివ్ మార్కులు లేవు. ఒక్కటీ వదలకుండా గుర్తించు. ఫస్టియర్ సిలబస్‌ను మాత్రం మరిచిపోకు, ఆదివారం రెండు గంటలు దానికే. జేఈఈలోనూ ఎప్‌సెట్‌లోనూ అది కూడా ఉంటుంది.

స్పోర్ట్స్ కోటా గురించి నువ్వు అడగలేదు, ఇంట్లో మాత్రం ఆ మాట వస్తుంది. కోటా నమ్ముకుని ఆడొద్దు. సీట్లు చాలా తక్కువ, అంతర్జాతీయ, జాతీయ పతకాలు ఉన్నవాళ్లు ముందుంటారు, జిల్లా స్థాయి సర్టిఫికెట్ దాదాపు దేనికీ రాదు. ఐఐటీ మద్రాస్ 2024 నుంచి క్రీడాకారులకు విడిగా సీట్లు ఇస్తోంది, కానీ దానికీ జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు జాబితాలో ఉండాలి, వాళ్ల జాబితాలోని ఆట అయి ఉండాలి. అంటే అక్కడ కూడా చదువు తప్పించుకునే దారి లేదు. సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచుకో, ముందు ముందు రైల్వే లాంటి చోట ఖో-ఖో జట్లకు ఎంపికలు ఉంటాయి. అంతకుమించి వాటి మీద ఇప్పుడు లెక్కలు వేయొద్దు.

ఇక నాన్నగారి విషయం. ఆయనతో వాదించకు. ఆయన భయం మార్కుల ఒక్కదాని గురించే కాకపోవచ్చు. చీకటితో బయల్దేరే ఆడపిల్ల, వేరే జిల్లాకు బస్సులో ప్రయాణం, దెబ్బలు, ఇవన్నీ మనసులో పెట్టుకుని పైకి "మార్కులు" అంటారు. నా దగ్గరికి వచ్చిన తండ్రులు చాలామంది పావుగంట మాట్లాడాక అసలు మాట చెప్పేవారు. ఒక శనివారం ఆయన్ను స్టేడియానికి తీసుకెళ్లు. పీడీ సార్‌ను, కోచ్‌ను పరిచయం చెయ్యి. అమ్మాయిల జట్టుతో మేనేజర్‌గా మేడం ఎవరు వస్తారు, ఎక్కడ బస, ఫోన్ నంబర్ ఏది అన్నవి ఆయన్నే అడగనివ్వు. నువ్వు ఆడటం ఆయన ఎప్పుడు చూశారో నువ్వు రాయలేదు. చూసి ఉండకపోతే, ఈసారి చూడనీ.

ఆ తర్వాత ఏడాది కాగితం ముందు పెట్టి, ఒక షరతు నువ్వే చెప్పు. వీక్లీ టెస్టుల్లో మూడు సబ్జెక్టుల సగటు రెండు నెలలు వరసగా నువ్వు, ఆయన కలిసి అనుకున్న అంకె కన్నా తగ్గితే ప్రాక్టీసు నాలుగు రోజుల నుంచి రెండుకు దిగుతుంది. పూర్తిగా ఆగదు. మళ్లీ పెరిగితే నాలుగుకు వస్తుంది. ఒక్క టెస్టు చూసి నిర్ణయం వద్దని ముందే ఒప్పించుకో, ఒక్క టెస్టు ఎవరికైనా తగ్గుతుంది. ఈ షరతు నీకూ మంచిదే. చదువు నిజంగా జారుతుంటే నువ్వు కూడా ఒప్పుకోవాలి కదా!

ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన ఊళ్లలో చాలా జూనియర్ కాలేజీలకు గ్రౌండే లేదు. మూడంతస్తుల భవనంలో పొద్దున్నుంచి రాత్రి దాకా పిల్లలను కూర్చోబెట్టి, మెట్లు దిగి ఎక్కడమే వ్యాయామం అన్నట్టు నడుపుతున్నారు. అలాంటి చోట పదకొండేళ్లు పని చేశాను కాబట్టి ఈ బాధ నాకు తెలుసు. నీకు స్టేడియం ఉంది, కోచ్ ఉన్నారు, ఆడేందుకు జట్టు ఉంది. పదిహేడేళ్ల పిల్లకు రోజుకు రెండు గంటలు ఆరుబయట పరిగెత్తే హక్కు ఉందని నేను నమ్ముతాను. దాన్ని పరీక్షల పేరుతో తీసేసుకోవడం నాకు ఇష్టం లేదు.

ఈ ఆదివారం మూడు పనులు చెయ్యి. క్విజ్ టీమ్‌కు చెప్పెయ్. కోచ్‌తో మాట్లాడి నాలుగు రోజులు ఏవో ఖాయం చేసుకో. నా సలహా సోమ, మంగళ, గురు, శనివారాలు. అప్పుడు బుధ, శుక్రవారాల పొద్దుటి పూట ఫిజిక్స్‌కు దొరుకుతుంది. మూడోది ఆ కాగితం. నవంబర్‌లో అర్ధ సంవత్సర మార్కులు వచ్చాక ఫిజిక్స్ అంకె, ఇంకా చేయాల్సిన ప్రయోగాలు ఎన్నో రెండూ నాకు రాసి పంపు. డిసెంబర్, జనవరి గడులు అప్పుడు కూర్చుని నింపుదాం.